సి.కె. నాయుడు ఏ టీమ్?

పోయిన సెమిస్టర్‌లో మా మినీ ప్రాజెక్ట్ క్రికెట్ డేటా మీద. పాత ఆటగాళ్ళ వివరాలన్నీ ఒక పట్టికలో ఎక్కించి, ఎవరు ఏ టీమ్‌కి ఎన్ని పరుగులు చేశారో గ్రాఫ్ గీయాలి. పెద్ద కష్టమేం కాదు. పేరు ఒక కాలమ్, పుట్టిన తేదీ ఒక కాలమ్, టీమ్ ఒక కాలమ్. అన్నీ బుద్ధిగా ఎక్కాయి, ఒక్క పేరు దగ్గర తప్ప. ఆ పేరు సి.కె. నాయుడు. టీమ్ అన్న చోట ఆయనకి ఒక్క పేరు కాదు, ఒక వరస ఉంది. హిందూస్, సెంట్రల్ ఇండియా, హోల్కర్, ఆంధ్ర, ఉత్తరప్రదేశ్, వీటన్నిటి మీద ఇండియా. ఒక మనిషికి ఒక టీమే ఉంటుందని అనుకుని నేను కోడ్ రాశా. అది అక్కడ ఆగిపోయింది.

నా ప్రాజెక్ట్ పార్ట్‌నర్ మొదటి పేరు ఉంచి మిగతావి కొట్టెయ్యమన్నాడు. రెండు నిమిషాల పని. కానీ నాకు చెయ్యి రాలేదు. ఎందుకంటే మా అన్న గుర్తొచ్చాడు.

మాది దోమ. నవ్వుకోండి, పర్వాలేదు, హాస్టల్‌లో మొదటి రోజు నుంచి అలవాటైపోయింది. పరిగి దగ్గర, వికారాబాద్ జిల్లా. మా దగ్గర తాండూరు నాపరాయి ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చితే అవే వికెట్లు. మా పెద్దనాన్న కొడుకు ఆ బండల్ని పడగొడుతూనే పెరిగాడు. టెన్నిస్ బాల్‌తో వాడంత ఫాస్ట్‌గా వేసేవాడు మా చుట్టుపక్కల లేడు. అందుకే సెలవుల్లో టోర్నమెంట్లు పెడితే వేరే ఊర్ల టీమ్‌లు పిలిచేవి. గెస్ట్ ప్లేయర్ అంటారు. ఒక వారం తాండూరు వైపు టీమ్, ఇంకో వారం కొడంగల్ వైపు టీమ్. పెట్రోల్ ఖర్చులు, బిర్యానీ, గెలిస్తే చేతిలో కొంచెం పైసలు. మూడేళ్ళ కింద ఒక ఫైనల్లో వాడు మా దోమ టీమ్ మీదే బౌలింగ్ చేశాడు. నాలుగు వికెట్లు తీశాడు. మా పోరగాళ్ళు గ్రౌండ్ బయట నుంచి పైసల కోసం ఊరిని అమ్ముకున్నాడని అరిచారు. ఆ అరిచినవాళ్ళలో నేనూ ఉన్నా.

అందుకే ఆ కాలమ్‌లో అన్ని పేర్లు చూడగానే, ఈయన కథేంటో తెలుసుకుందాం అనిపించింది. గ్రాఫ్ పక్కన పెట్టి చదవడం మొదలుపెట్టా. ఒక మాట ముందే చెప్తున్నా. పెద్దాయన్ని ఆడాడు, కొట్టాడు అని రాస్తున్నా. క్రికెటర్లని మనం అట్లానే పిలుచుకుంటాం కదా, మర్యాద తక్కువై కాదు.

పూర్తి పేరు కఠారి కనకయ్య నాయుడు. 1895 అక్టోబర్ 31న నాగపూర్‌లో ఒక తెలుగు కుటుంబంలో పుట్టాడు. చుట్టూ మరాఠీ, హిందీ మాట్లాడే ఊరు. అక్కడి హిస్లాప్ స్కూల్లో చదువు, అక్కడే క్రికెట్. అంటే పుట్టుకతోనే ఆయన అడ్రస్‌లో రెండు చోట్లు ఉన్నాయి. పేరు తెలుగుది, ఊరు నాగపూర్‌ది.

ఆయన పెద్ద క్రికెట్‌లోకి వచ్చింది 1916లో, బొంబాయి క్వాడ్రాంగ్యులర్ టోర్నమెంట్‌లో. ఇప్పుడు మనకి వింతగా ఉంటుంది కానీ అప్పట్లో ఆ టోర్నమెంట్‌లో టీమ్‌లు ఊళ్ళని బట్టి కాదు, మతాన్ని బట్టి ఉండేవి. యూరోపియన్లు, పార్సీలు, హిందువులు, ముస్లింలు. ఇదే నాలుగు టీమ్‌ల లెక్క. నాయుడు హిందూస్ టీమ్ తరఫున యూరోపియన్ల మీద ఆడాడు. 79 పరుగులకి 7 వికెట్లు పోయిన టైమ్‌లో బ్యాటింగ్‌కి వచ్చాడు. మూడు బంతులు జాగ్రత్తగా ఆపాడు. నాలుగో బంతిని సిక్స్ కొట్టాడు. ఇరవై ఏళ్ళు దాటిన కుర్రాడు, మొదటి మ్యాచ్, టీమ్ మునిగిపోతోంది, అవతల ఉన్నది మనల్ని పరిపాలిస్తున్నవాళ్ళ టీమ్. ఆ సిక్స్ గురించి ఇప్పటికీ చెప్పుకుంటున్నారంటే అందుకే.

అయితే సిక్స్‌లు కొడితే కడుపు నిండదు. అప్పట్లో మన ఆటగాళ్ళకి జీతం లేదు, కాంట్రాక్ట్ లేదు. డబ్బున్నవాళ్ళు సరదాకి ఆడేవాళ్ళు. లేనివాళ్ళు ఎవరైనా రాజు దగ్గర ఉద్యోగం దొరికితేనే ఆడగలిగేవాళ్ళు. 1923లో ఇండోర్ హోల్కర్ మహారాజు నాయుడిని పిలిచి తన సైన్యంలో ఉద్యోగం ఇచ్చాడు. మన భాషలో చెప్పాలంటే అది ఆఫర్ లెటర్. నాయుడు నాగపూర్ వదిలి ఇండోర్ వెళ్ళాడు. తర్వాత జీవితమంతా ఆయన్ని అందరూ కర్నల్ నాయుడు అనే పిలిచారు. ఆ కర్నల్ పదవి హోల్కర్ సైన్యంలోది. దాన్ని ఆయన అలంకారంగా పెట్టుకోలేదు. నడక, బట్టలు, టైమ్ అన్నీ సైనికుడివే. ఆరడుగుల పైన ఎత్తు, నిటారుగా నిలబడే మనిషి. ఏ టీమ్‌కి వెళ్ళినా మారనిది ఆ నిలబడే తీరు ఒక్కటే.

1926లో ఇంగ్లండ్ నుంచి ఎం.సి.సి. టీమ్ వచ్చింది. కెప్టెన్ ఆర్థర్ గిల్లిగన్. మారిస్ టేట్ లాంటి పేరున్న బౌలర్లు ఉన్న టీమ్. బొంబాయి జింఖానా గ్రౌండ్‌లో హిందూస్‌తో మ్యాచ్. ముందు ఎం.సి.సి. 363 పరుగులు చేసింది. వాళ్ళలో గై ఎర్ల్ అనే ఆయన 8 సిక్స్‌లు కొట్టాడు. బొంబాయి జనానికి ఇంగ్లీషువాళ్ళు ఇట్లా కొడతారా అనిపించింది. మర్నాడు, డిసెంబర్ 1న, నాయుడు బ్యాట్ పట్టుకుని వచ్చాడు. రెండు గంటలలోపే 153. అందులో 13 ఫోర్లు, 11 సిక్స్‌లు. అప్పటికి ఒక ఫస్ట్ క్లాస్ ఇన్నింగ్స్‌లో అన్ని సిక్స్‌లు ఎవరూ కొట్టలేదు. బంతి జింఖానా బిల్డింగ్ కప్పు మీద కూడా పడింది. కబురు ఊళ్ళో పాకి, ఆఫీసుల్లో పని వదిలేసి జనం గ్రౌండ్‌కి పరిగెత్తుకొచ్చారు. లోపల చోటు లేక చెట్లెక్కారు, మేడలెక్కారు. ఫోన్లో స్కోర్ రిఫ్రెష్ చేసే రోజులు కావు కదా. చూడాలంటే కాళ్ళకి పని చెప్పాల్సిందే. మ్యాచ్ డ్రా అయింది. ఎం.సి.సి. వాళ్ళు ఆయనకి వెండి బ్యాట్ బహుమతిగా ఇచ్చారు.

ఆ మ్యాచ్ విలువ స్కోర్‌కార్డ్‌లో లేదు. ఇండియాకి టెస్ట్ ఆడే స్థాయి ఉందని గిల్లిగన్‌కి నమ్మకం కలిగింది. అందరినీ కలిపి ఒక బోర్డు పెట్టుకోమని ఇక్కడివాళ్ళని ప్రోత్సహించాడు. 1928లో మన క్రికెట్ బోర్డు పుట్టింది. ఈరోజు ఐపీఎల్ వేలంలో కోట్లు తిరుగుతున్న ఆ బోర్డు వెనక, ఒక మతం పేరున్న టీమ్‌కి ఆడిన నాగపూర్ తెలుగువాడి రెండు గంటల బ్యాటింగ్ కూడా ఒక కారణం.

1932లో ఇండియా మొదటి టెస్ట్ ఆడటానికి ఇంగ్లండ్ బయలుదేరింది. కెప్టెన్‌గా ఎవరుండాలి? ఆట బాగా తెలిసినవాడా? కాదు, రాజై ఉండాలి. పోర్‌బందర్ మహారాజు కెప్టెన్, లింబ్డీ రాజకుమారుడు వైస్ కెప్టెన్. పోర్‌బందర్ మహారాజులో మంచితనం ఏంటంటే, తనకి ఆట రాదని ఆయనకే తెలుసు. టెస్ట్ దగ్గరపడేసరికి తప్పుకున్నాడు. లింబ్డీకి గాయమైంది. అట్లా కెప్టెన్సీ నాయుడి చేతికి వచ్చింది. టీమ్‌లో కొందరికి అది నచ్చలేదు. రాజు కింద ఆడటం వాళ్ళకి అలవాటే. తమలాంటి ఒక మామూలు మనిషి కింద, అది కూడా ఇంత కఠినమైన మనిషి కింద ఆడటం కష్టమనిపించింది. పోర్‌బందర్ మహారాజు మాట మీద గట్టిగా నిలబడటంతో గొడవ సద్దుమణిగింది.

1932 జూన్ 25, లార్డ్స్. టాస్ ఓడి ఫీల్డింగ్‌కి దిగిన కాసేపటికే ఇంగ్లండ్ 19 పరుగులకి 3 వికెట్లు. మహమ్మద్ నిసార్ వేగానికి ఇద్దరు ఓపెనర్లు బౌల్డ్, తర్వాత ఊలీ రనౌట్. ఇంగ్లండ్ తేరుకుని 259 చేసింది. మన మొదటి ఇన్నింగ్స్ 189. అందులో అందరికంటే ఎక్కువ కెప్టెన్‌వే, 40 పరుగులు. అవి కూడా ఫీల్డింగ్‌లో చేతికి దెబ్బ తగిలాక చేసినవి. చివరికి 158 పరుగుల తేడాతో ఓడిపోయాం. కానీ మూడు రోజుల ఆటలో మూడు వికెట్లు 19కే తీసిన ఆ పొద్దుటి పూటని ఇంగ్లండ్ మర్చిపోలేదు.

ఆ పర్యటన మొత్తంలో ఫస్ట్ క్లాస్ మ్యాచుల్లో నాయుడు 1,618 పరుగులు చేశాడు, 65 వికెట్లు తీశాడు. సిక్స్‌లు 32. బర్మింగ్‌హామ్‌లో ఆయన కొట్టిన ఒక సిక్స్ గ్రౌండ్ పక్కనున్న రియా నది దాటి పడిందని, ఆ నది రెండు కౌంటీల మధ్య సరిహద్దు కాబట్టి బంతి ఒక కౌంటీలో మొదలై ఇంకో కౌంటీలో ఆగిందని చెప్పుకుంటారు. మర్నాటి ఏడాది విజ్డెన్ ఆయన్ని ఆ ఏటి ఐదుగురు మేటి ఆటగాళ్ళలో ఒకడిగా ఎంచింది. అప్పటికి ఆయన వయసు 37. ఈ అంకె దగ్గర ఒక్క క్షణం ఆగండి. మనం చూసే ఆటగాళ్ళు రిటైర్‌మెంట్ పోస్ట్ పెట్టే వయసులో ఈయన మొదటి టెస్ట్ ఆడాడు.

1933-34లో డగ్లస్ జార్డిన్ టీమ్ మన దేశానికి వచ్చింది. ఇక్కడ మూడు టెస్ట్‌లు, మూడిటికీ నాయుడే కెప్టెన్. బొంబాయి టెస్ట్‌లో కుర్రాడు లాలా అమర్‌నాథ్ 118 కొట్టాడు, ఇండియా తరఫున మొదటి టెస్ట్ సెంచరీ. అవతలి వైపు నిలబడి 67 చేసింది నాయుడు. ఇద్దరూ కలిసి మూడో వికెట్‌కి 186 పరుగులు జోడించారు. సిరీస్ 2-0 తో పోయింది.

తర్వాత 1936. మళ్ళీ ఇంగ్లండ్. ఈసారి కెప్టెన్సీ ఇంకో తెలుగువాడికి వెళ్ళింది. విజయనగరం మహారాజ కుమార్, అందరూ విజ్జీ అని పిలిచే విజయానంద గజపతిరాజు. నాలుగేళ్ళ కింద దేశాన్ని నడిపించిన నాయుడు ఇప్పుడు ఆయన కింద మామూలు ఆటగాడు. విజ్జీకి డబ్బుంది, పలుకుబడి ఉంది, క్రికెట్ మీద ప్రేమ కూడా ఉంది. ఆట మాత్రం అంతంతే. మూడు టెస్ట్‌లలో ఆరు ఇన్నింగ్స్ కలిపి 33 పరుగులు. టీమ్ రెండు ముక్కలైంది. అమర్‌నాథ్‌ని క్రమశిక్షణ పేరుతో టెస్ట్‌లకి ముందే ఓడెక్కించి ఇంటికి పంపేశారు. తర్వాత విచారణ జరిగి తప్పు విజ్జీ వైపే ఎక్కువ చూపించింది. ఈ రచ్చ మధ్య నాయుడు మూడు టెస్ట్‌లూ ఆడాడు. ఓవల్‌లో చివరి టెస్ట్, చివరి ఇన్నింగ్స్. గబ్బీ అలెన్ బంతి ఒంటికి గట్టిగా తగిలింది. అయినా కదలకుండా 81 చేశాడు. టెస్ట్‌లలో ఆయన చేసిన అత్యధిక స్కోర్ అదే.

నాయుడిని దేవుడిని చేయాలని నాకు లేదు. ఆయన కింద ఆడటం తేలిక కాదు. అందరితో కలిసి నవ్వే కెప్టెన్ కాదు, దూరంగా ఉండేవాడు. నొప్పి అంటే ఒప్పుకునేవాడు కాదు. టీమ్‌లో గొడవలకి రాజులు ఎంత కారణమో, ఆయన మొండితనం కూడా కొంత కారణమై ఉంటుంది. కానీ ఇంకొకరికి పెట్టిన నియమం తనకి పెట్టుకోకుండా మాత్రం లేడు.

మొత్తం టెస్ట్‌లు 7. పరుగులు 350, సగటు 25. నా పట్టికలో ఈ అంకెలు చూసి మా పార్ట్‌నర్ ఇంతేనా అన్నాడు. నేను కూడా మొదట అదే అనుకున్నా. తర్వాత లెక్క వేశా. 1932లో ఒకటి, 1933-34లో మూడు, 1936లో మూడు. ఆ ఐదేళ్ళలో ఇండియా ఆడినవే ఏడు టెస్ట్‌లు. ఒక్కటి కూడా ఆయన వదల్లేదు. తర్వాత యుద్ధం వచ్చింది. ఇండియా మళ్ళీ టెస్ట్ ఆడింది 1946లో. అప్పటికి ఆయనకి యాభై ఏళ్ళు.

ఇంకొకరైతే అక్కడితో ఆపేసేవారు. నాయుడి అసలు ప్రయాణం అక్కడ మొదలైంది.

రంజీ ట్రోఫీ 1934లో పుట్టింది. ఇండోర్ వాళ్ళు మొదట సెంట్రల్ ఇండియా పేరుతో ఆడేవాళ్ళు. 1941లో ఆ టీమ్ పేరు హోల్కర్ అయింది. అంటే నాయుడు ఇల్లు మారలేదు, గ్రౌండ్ మారలేదు, నా పట్టికలో మాత్రం ఇంకో టీమ్ చేరింది. అదే ఏడాది ఆయన బాత్‌గేట్ లివర్ టానిక్ ప్రకటనలో కనిపించాడు. వస్తువుకి ప్రచారం చేసిన మొదటి భారత క్రికెటర్ ఆయనే అంటారు. ఆటతో డబ్బులు రాని రోజుల్లో ఒక టానిక్ సీసా మీద ఆయన పేరు. మా అన్న పెట్రోల్ ఖర్చులు నాకు మళ్ళీ అక్కడ గుర్తొచ్చాయి.

హోల్కర్ టీమ్‌ని నాయుడు ఎట్లా తయారు చేశాడో చూడాలి. ముస్తాక్ అలీ, సర్వటే, నింబాల్కర్, హీరాలాల్ గైక్వాడ్, తన తమ్ముడు సి.ఎస్. నాయుడు. వీళ్ళంతా ఇండోర్‌లో పుట్టినవాళ్ళేం కాదు, తలా ఒక చోటు నుంచి వచ్చి చేరినవాళ్ళు కూడా ఉన్నారు. 1944-45 ఫైనల్లో బొంబాయి మీద హోల్కర్ తరఫున ఆడిన గెస్ట్ ప్లేయర్ ఎవరో తెలుసా? డెనిస్ కాంప్టన్. ఇంగ్లండ్ మేటి బ్యాట్స్‌మన్. యుద్ధం వల్ల సైన్యంతో ఇండోర్ పక్కనున్న మౌలో ఉన్నాడు. నాయుడి టీమ్‌కి ఆడి 249 నాటౌట్ కొట్టాడు. అదే మ్యాచ్‌లో సి.ఎస్. నాయుడు రెండు ఇన్నింగ్స్ కలిపి 152.5 ఓవర్లు, అంటే 917 బంతులు వేశాడు. అది ప్రపంచ రికార్డు. అంత చేసినా హోల్కర్ ఓడిపోయింది.

మర్నాటి ఏడాది, 1945-46 ఫైనల్, బరోడా మీద. కెప్టెన్ నాయుడు 200 కొట్టాడు. యాభై ఏళ్ళ వయసులో, ఫైనల్లో, డబుల్ సెంచరీ. ఆయన జీవితంలో అత్యధిక స్కోర్ అదే. హోల్కర్ మొదటిసారి రంజీ గెలిచింది. తర్వాత 1947-48, 1950-51, 1952-53. మొత్తం నాలుగుసార్లు.

1951-52లో బొంబాయి మీద ఆడుతున్నప్పుడు దత్తు ఫడ్కర్ వేసిన బంతి ఎగిరి నాయుడి నోటికి తగిలింది. పళ్ళు ఊడి పిచ్ మీద పడ్డాయి. ఆయన బ్యాట్‌తో వాటిని పక్కకి తోసి, డాక్టర్ అవసరం లేదని, మళ్ళీ స్టాన్స్ తీసుకున్నాడని చూసినవాళ్ళు చెప్పారు. అప్పటికి 56 ఏళ్ళు. నేను పోయిన నెల లెదర్ బాల్ వేలికి తగిలిందని మూడు రోజులు ల్యాబ్‌కి వెళ్ళలేదు. ఇంతకంటే ఆ సంగతి గురించి నేనేం రాయలేను.

ఇక ఇక్కడ మన కథ వస్తుంది. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టింది, కర్నూలు రాజధానిగా. అదే సీజన్‌లో, 1953-54లో, ఆంధ్ర టీమ్ మొదటిసారి రంజీ ట్రోఫీలోకి దిగింది. కొత్త రాష్ట్రం, కొత్త టీమ్, అనుభవం లేని కుర్రాళ్ళు. కెప్టెన్ ఎవరు? 58 ఏళ్ళ సి.కె. నాయుడు. నాగపూర్‌లో పుట్టి, ఇండోర్‌లో ముప్ఫై ఏళ్ళు గడిపి, జీవితంలో మొదటిసారి ఒక తెలుగు టీమ్‌కి ఆడటానికి వచ్చాడు. నాలుగు రంజీ ట్రోఫీలు గెలిచిన మనిషికి ఓడిపోవడానికే ఎక్కువ అవకాశం ఉన్న టీమ్‌తో పనేంటి? నాకు తోచిన జవాబు ఒక్కటే. అంతకుముందు రమ్మనడానికి అట్లాంటి టీమ్ లేదు. ఆయన తెలుగువాళ్ళని వదిలేసి వేరే టీమ్‌లకి ఆడలేదు. తెలుగు పేరుతో టీమ్ పుట్టేసరికి ఆయనకి 58 వచ్చాయి.

ఆ వరసని నేను మళ్ళీ చూశా. ఈసారి పేర్లు కాదు, ఆ పేర్లకి ఏమైందో చూశా. హిందూస్ టీమ్ ఇప్పుడు లేదు. మతం పేరుతో ఆట ఏంటని గాంధీజీతో సహా చాలామంది కాదన్నారు. 1945-46 తర్వాత ఆ టోర్నమెంట్ ఆగిపోయింది. సెంట్రల్ ఇండియా లేదు. హోల్కర్ రాజ్యం ఇండియాలో కలిసిపోయింది. 1954-55 తర్వాత ఆ పేరుతో టీమ్ కూడా లేదు. ఆంధ్ర రాష్ట్రం మూడేళ్ళకే ఆంధ్రప్రదేశ్ అయింది, టీమ్ పేరు మాత్రం మిగిలింది. ఆయన కెప్టెన్‌గా ఉన్న ఇండియా కూడా అప్పుడు బ్రిటిష్ ఇండియా. మొదట మతాన్ని బట్టి టీమ్, తర్వాత రాజుని బట్టి టీమ్, తర్వాత భాషని బట్టి, రాష్ట్రాన్ని బట్టి టీమ్. మన టీమ్ అంటే ఏంటో ఈ దేశం నాలుగైదుసార్లు మార్చుకుంది. మార్చుకున్న ప్రతిసారీ బ్యాట్ పట్టుకుని ఆయన అక్కడ ఉన్నాడు. ఆయన టీమ్‌లు మారడం కంటే, ఆయన కాళ్ళ కింద టీమ్‌లు మారడమే ఎక్కువ.

ఇది నాకెందుకు తగిలిందంటే, నేను 2006లో పుట్టినప్పుడు మా దోమ ఆంధ్రప్రదేశ్‌లో, రంగారెడ్డి జిల్లాలో ఉంది. 2014లో తెలంగాణ అయింది. 2016లో వికారాబాద్ జిల్లా అయింది. మేం ఇల్లు కదల్లేదు. మా తాత అదే ఇంట్లో ఉండి హైదరాబాద్ స్టేట్, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మూడూ చూశాడు. ఆయన్ని ఎవరూ ఊరు మార్చినవాడు అనలేదు.

నాయుడు ఆంధ్రతో కూడా ఆగలేదు. 1956-57లో ఉత్తరప్రదేశ్ వాళ్ళు పిలిస్తే వెళ్ళి కెప్టెన్ అయ్యాడు. వయసు 61. రాజస్థాన్ మీద 84 కొట్టాడు. అందులో వినూ మన్కడ్ బౌలింగ్‌లో సిక్స్‌లు కూడా ఉన్నాయి. 1956లోనే ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. క్రికెటర్‌కి ఆ గౌరవం దక్కడం అదే మొదలు. సెలెక్టర్‌గా పనిచేశాడు, రేడియోలో వ్యాఖ్యానం చెప్పాడు. 1963-64లో, 68 ఏళ్ళ వయసులో, ఒక సహాయ నిధి మ్యాచ్‌లో చివరిసారి ఫస్ట్ క్లాస్ క్రికెట్ ఆడాడు. 1916 నుంచి 1963 దాకా. 207 మ్యాచ్‌లు, 11,825 పరుగులు, 26 సెంచరీలు, 411 వికెట్లు. 1967 నవంబర్ 14న ఇండోర్‌లో కన్నుమూశాడు.

బోర్డు 1994లో ఆయన పేరుతో జీవిత సాఫల్య పురస్కారం పెట్టింది. మొదటిది అందుకున్నది లాలా అమర్‌నాథ్. బొంబాయిలో 186 పరుగులు కలిసి చేసిన కుర్రాడు, 1936లో ఓడెక్కించి పంపేసిన మనిషి. ఇప్పుడు కుర్రాళ్ళ టోర్నమెంట్ ఒకటి కూడా సి.కె. నాయుడు ట్రోఫీ పేరుతోనే జరుగుతుంది. అందులో అన్ని రాష్ట్రాల టీమ్‌లూ ఆడతాయి. ఆయన పేరు ఏ ఒక్క టీమ్‌కీ చెందకుండా అందరూ ఆడే కప్పు మీద ఉండటం నాకు సరిగ్గా అనిపించింది.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఏటా టీమ్ మారే క్వార్టర్‌బ్యాక్‌ని జర్నీమన్ అంటారట. ఆ మాటలో కొంచెం చిన్నచూపు ఉంటుంది, ఎక్కడా నిలవనివాడు అన్నట్టు. మనవాళ్ళు గెస్ట్ ప్లేయర్ అన్నప్పుడు కూడా అదే గొంతు. నాయుడి గురించి చదివాక ఆ గొంతుతో ఆ మాట అనలేకపోతున్నా.

సంక్రాంతి సెలవులకి ఊరికెళ్ళినప్పుడు మా అన్నని అడిగా, ఆ ఏడాది దోమ టీమ్‌కి ఎందుకు ఆడలేదని. మూడేళ్ళలో నేను ఒక్కసారి కూడా అడగని ప్రశ్న అది. వాడు మామూలుగా చెప్పాడు. అంతకుముందు ఏడాది సగం మంది పనులకి హైదరాబాద్ వెళ్ళిపోయి మన టీమే లేకుండా పోయింది. వేరేవాళ్ళు పిలిస్తే వాళ్ళకి మాటిచ్చాడు. తర్వాత మనవాళ్ళు మళ్ళీ టీమ్ కట్టుకున్నారు, వాడికి మాత్రం ఎవరూ ఫోన్ చేయలేదు. ఫైనల్ తర్వాత అరుపులు విని ఇక ఆడటం మానేశాడు. నేను అరిచిన సంగతి వాడికి తెలుసు. నేను తప్పైందన్నా. వాడు ఏమీ అనలేదు. కాసేపటికి లోపలికి వెళ్ళి బంతి తెచ్చాడు. ఇంటి వెనక నాపరాళ్ళు పేర్చుకున్నాం. ఆరు బంతుల్లో నన్ను మూడుసార్లు బౌల్డ్ చేశాడు.

ప్రాజెక్ట్ సంగతి చెప్పలేదు కదా. టీమ్ కాలమ్ తీసేసి, దానికి వేరే పట్టిక పెట్టాం. ఒక మనిషికి ఎన్ని టీమ్‌లైనా ఉండొచ్చు, ఒక్కోదానికి మొదలైన ఏడాది, ముగిసిన ఏడాది. అదనంగా ఇంకో కాలమ్ నేను పెట్టా. ఆ టీమ్ ఇప్పుడు ఉందా, లేదా. నాయుడు ఎదురుగా ఆ కాలమ్‌లో లేదు అన్న మాట వరసగా మూడుసార్లు వచ్చింది. కోడ్ ఆగకుండా నడిచింది.